మేనమామ పెట్టిన జాకెట్టు

మా బిడ్డ ఒంటి మీద ఏ బట్ట ఉండాలె అన్న సంగతి మీద సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాక మా చుట్టాలల్ల ఒక మాట అనని మనిషి లేడు. ఎవ్వరూ అడగని మనిషి ఒక్కతే, అది మా బిడ్డ.

నాకు సూర్యాపేటల మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీరలకు ఫాల్సు అమ్ముత. పొద్దున షట్టర్ లేపిన కాడి నుంచి ఆడోళ్ళతోనే నా మాట. ఒకామె చీర కొంగు తెచ్చి కౌంటర్ మీద పరిచి దీనికి కలిసే రంగు చూపియ్యి అంటది. తాన్లకు తాన్లు దింపినంక ఇది జర ముదురు, అది జర లేత అని లేచి పోతది. దుకాణంల ఎంత సతాయించినా నాకు కోపం రాదు. ఇంటికొచ్చినంకనే వస్తది.

మా బిడ్డ తొమ్మిది చదువుతున్నది. దానికి చిన్నప్పటి నుంచి ఒంటి నిండ బట్ట ఉండాలె. నేను నేర్పలే, బడిల నేర్పలే, దాని గుణమే అది. మోకాళ్ళ కింది దాక కుర్తా, దానికి చొక్కా లెక్క కాలర్, మణికట్టు దాక చేతులు, పక్కకు చెయ్యి పట్టేంత జేబు. రంగులు కూడా దాని ఇష్టమే. ఇటుక రంగు, పాచి రంగు, బూడిద రంగు. నా దుకాణంల ఎవ్వరూ కొనక మూలకు పడ్డ తాన్లన్నీ దానికే నచ్చుతయి. గుండీలు మాత్రం ఒకదానికొకటి కలవకుండ ఏరుకుంటది, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. మొదట్ల నాకు విచిత్రమనిపించేది. దుకాణానికి వచ్చే కాలేజీ పిల్లలు దాన్ని చూసి గిట్లాంటిది మాకు కుట్టిపియ్యరా ఆంటీ అని అడుగుడు మొదలైనంక నేను నోరు మూసుకున్న.

మా అత్తమ్మ మాత్రం నోరు ముయ్యలే. పిల్ల బడి లేని నాడు గడప దాటిందంటే చాలు, వెనక నుంచి కేక.

"చున్నీ ఏదే?"

"మెడ దాక గుండీలు ఉన్నయి గద అత్తమ్మా. చున్నీ దేన్ని కప్పాలె?"

"ఆడపిల్ల అన్నంక చున్నీ ఉండాలె."

అంటే కప్పుడు కాదు, చున్నీ ముఖ్యం. ఇదొక రకం తిప్పలు. ఒకసారి తిరుమలగిరికి బస్సుల పోతుంటే పక్క సీటుల ఒకామె, మాకు ముక్కూ మొఖం తెల్వని ఆమె, పిల్లను కింది నుంచి మీది దాక చూసి "మగరాయుని లెక్క ఏందమ్మా గీ బట్టలు" అన్నది. నిండ కప్పుకుంటే మగరాయుడు. జర పక్కకు జారితే ఇజ్జత్ లేదు. ఈ రెండిట్ల నడుమ ఆడపిల్ల యాడ నిలబడాల్నో చెప్పండ్రి అంటే ఎవ్వరూ చెప్పరు. నేను ఆ బస్సుల ఆమెతో పెట్టుకున్న లొల్లికి మా బిడ్డనే నా మోచెయ్యి గుంజి ఊకోబెట్టింది.

మొన్న ఎండాకాలం పిల్లకు ఓణీల ఫంక్షన్ చేద్దామన్నడు మా ఆయన. ఆయన ఆర్టీసీ డిపోల మెకానిక్, డిపోల అందరి ఇండ్లల్ల ఫంక్షన్లు తిని వచ్చినం, మనం పిలవకుంటే ఎట్ల అన్నది ఆయన బాధ. బిడ్డ కూడా సరే అన్నది. దానికి లంగా ఓణీ అంటే ఇష్టమే. "మంచిగ చుట్టుకునే బట్ట గద అమ్మా" అన్నది. కార్డుల మీద, హాలు ముంగట కట్టే ఫ్లెక్సీ మీద దీనికి నూతన వస్త్రాలంకరణ అని పెద్ద పేరు రాస్తరు. పేరుల్నే బట్టలున్నయి. ఆ బట్టలేసుకునే పిల్లను నీకేం కావాలె అని అడిగేటోళ్ళు మాత్రం ఉండరు.

మా దిక్కు ఈ ఫంక్షన్ కు బట్టలు మేనమామ పెట్టాలె. లంగా, ఓణీ, జాకెట్టు, అన్నీ మేనమామ ఇంటి నుంచి పళ్ళెంల పెట్టుకొని బ్యాండుతో తెస్తరు. పిల్ల అవే కట్టుకొని స్టేజీ ఎక్కాలె. కట్టుకోకుంటే మేనమామ మొఖం మీద కొట్టినట్టే. గిట్లాంటి కాడ మాటలు పడి రాకపోకలు బంద్ అయిన ఇండ్లు నాకు ఎరుకే. నాకున్నది ఒక్క అన్న, మిర్యాలగూడల ఉంటడు. అమ్మ నాయిన లేరు కాబట్టి ఆ ఇల్లే నాకు పుట్టిల్లు. ఆ గడప కూడా లేకుంటే నాకు పోయి కూసునే ఇల్లు ఇంకోటి లేదు.

మా వదిన ఫోన్ చేసింది. వదిన పుట్టింది కోదాడల, మాట జర ఆంధ్రా దిక్కు మొగ్గుతది.

"కోదాడలో మంచి బొటిక్ ఉంది, అక్కడ కుట్టిస్తా. మోడల్ ఎట్లా కావాలి?"

"మీ ఇష్టం వదినా. మీరేది పెడితే అదే" అన్న.

ఇంకేమంటం? మేనమామ పెట్టే బట్టలకు గిట్ల కావాలె గట్ల కావాలె అంటే ఆశపోతు అంటరు. అందుకని అందరం గిదే అంటం. మనసుల ఎన్ని ఉన్నా మీ ఇష్టమే అంటం. అని, మనసుల ఉన్నది అవతలోళ్ళే కనిపెట్టాలె అని కూసుంటం. వాళ్ళు కనిపెట్టకపోతే మళ్ళ మనకే కోపం. గింత బుద్ధి తక్కువ రివాజు ఇంకోటి ఉంటదా? అయినా నేను కూడా అదే అన్న.

పిల్లకు అంతకు ముందు జాకెట్టు కుట్టిచ్చిందే లేదు, ఆదికి పంపటానికి పాతది లేదు. అందుకని దాని కాలర్ కుర్తా ఒకటి పంపిన. కొలతకు కొలత దొరుకుతది, మెడ ఎట్లుండాల్నో కూడా చూసి తెలుసుకుంటరు, నేను నోరు తెరిచి అడిగినట్టు ఉండదు అనుకున్న. నా తెలివికి నేనే మురిసిన. ఆది ఇచ్చేది కొలతకే, మెడ మోడల్ వేరే చెప్పాలె అని నా దుకాణానికి వచ్చినోళ్ళకు రోజూ నేను చెప్పే మాటే. నా బిడ్డ కాడికి వచ్చేసరికి అది నాకు యాదికి రాకపాయె.

కొలత చూసుకొని మళ్ళ పంపుండ్రి, ఫంక్షన్ నాడు పళ్ళెంల పెట్టి తెస్తం అని అన్న బట్టలు ముందుగాలనే పంపిండు. రాణి రంగు పట్టు లంగా, చిలకాకు పచ్చ ఓణీ. అబద్ధం ఎందుకు, మస్తుగున్నయి. జాకెట్టు తీసిన. ముందటి దిక్కు మగ్గం వర్కు, చిన్న చిన్న ముత్యాలు. తిప్పి చూసిన. వెనక బట్ట లేదు. నడుము కాడ ఒక పట్టీ, మెడ కాడ ముడేసే రెండు డోరీలు, వాటి కొసలకు ఏలాడే లట్కన్లు. గంతే.

పిల్ల అర్రలకు పోయి తలుపేసుకొని తొడుక్కున్నది. బయటికి వచ్చేటప్పుడు భుజాల మీద తువ్వాల కప్పుకొని వచ్చింది.

"అమ్మా, నేను ఇది ఏసుకోను" అన్నది. అరవలే, ఏడవలే. అరిస్తే నాలుగు దెబ్బలేసి ఊకోబెట్టొచ్చు. గట్ల నిమ్మళంగ చెప్తే ఇగ దాన్ని కదిలిచ్చుడు ఎవ్వరి తరం కాదని నాకు తెలుసు.

మంచం మీద కూసున్న మా అత్తమ్మ తువ్వాల గుంజి చూసింది. "ఒక్క పూటకు ఏమైతదే? ఫొటోలల్ల మంచిగ కనబడొద్దా?"

నాకు దిమాక్ ఖరాబైంది. "పొద్దుగాల లేస్తే చున్నీ చున్నీ అని పిల్ల పానం తీస్తవ్ గద అత్తమ్మా. ఇప్పుడు వీపంత తెరిచి ఊరి ముంగట నిలబెడితే ఏం కాదా?"

"అది రోజు. ఇది ఫంక్షన్."

ఆమెకు అండ్ల వంకర ఏం కనబడలే. నిజంగనే కనబడలే. నేను మా ఆయన దిక్కు చూసిన. "బట్టల సంగతి మీరు మీరు సూసుకోండ్రి" అని బండి తాళం చెవి తీసుకొని డ్యూటీకి పోయిండు. ఫంక్షన్ చేద్దామన్నది ఈయననే.

తెల్లారి పిల్లను తీసుకొని కోదాడ బస్సెక్కిన. వెనక బట్ట వేపిచ్చుకొని, వదినకు చిన్నగ చెప్పుకుంటె అయిపోతది అనుకున్న. బొటిక్ ఆమె జాకెట్టు అటు తిప్పి ఇటు తిప్పి నా దిక్కు జాలిగ చూసింది.

"కోసేసిన బట్ట ఎక్కడ్నుంచి తేవాలండీ?"

"మిగిలిన ముక్క లేదా?"

"చేతులకి పఫ్ పెట్టాం కదండీ, దాంట్లోకే పోయింది. కావాలంటే నెట్ వేస్తా. కప్పినట్టూ ఉంటది, కనపడుద్ది కూడా."

"కనబడుడే వద్దంటున్న ఆంటీ" అన్నది మా బిడ్డ.

"నీ వయసు పిల్లలు ఇంకా డీప్ కావాలని గొడవ చేస్తారమ్మా. నీకేంటి భయం?"

"భయం కాదు. నాకు నచ్చదు."

ఆమె నా దిక్కు తిరిగి గొంతు తగ్గించి అడిగింది. "ఇంట్లో బాగా కట్టడి చేస్తారా అండీ?"

నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలవలే. ఇంట్ల చున్నీ వేపిస్తలేనని తిడుతరు, ఈడికొస్తే పిల్లను కట్టడి చేస్తున్ననని అడుగుతరు. నాకు డోరీల జాకెట్టు మీద పగ ఏం లేదు. వాటికి లైనింగు నా దుకాణంల నేనే చింపి ఇస్త. ఇష్టపడి ఏసుకున్న పిల్లలకు అవి ఎంత అందంగుంటయో నాకు తెలుసు. కప్పుకునే పిల్లను ఇప్పు అనుడు, ఇప్పుకునే పిల్లను కప్పు అనుడు, ఈ రెండు పనులు మానుకుంటే సగం లొల్లి ఖతం అయితది. గిదంత ఆమెకు చెప్పాలని నోటి దాక వచ్చింది, కని పిల్ల అప్పటికే మెట్లు దిగుతున్నది.

తిరుగు బస్సుల పిల్ల కిటికీ దిక్కు చూసుకుంట అన్నది. "అమ్మా, మన దుకాణంల పసుపుకొమ్ము రంగు కాటన్ తాను ఉంది గద, ఎవ్వరూ కొనలే. దాంతోని కాలర్ జాకెట్టు కుట్టిపియ్యి. ఫుల్ హ్యాండ్స్. కాలర్ అంచుకు రాణి రంగు దారం కుట్టు పెట్టిపియ్యి."

"పట్టు లంగాకు కాటన్ జాకెట్టా?"

"జర చూడు అమ్మా."

మా దుకాణం పక్క టైలర్ తోని కుట్టిపిచ్చిన. తొడుక్కొని లంగా ఓణీ కట్టుకొని వచ్చి నిలబడ్డది. ఇన్నేండ్ల సంది రంగులు కలిపి బతుకుతున్న దాన్ని, ఆ కలుపు నాకు తట్టకపాయె. మొఖమంత వెలిగిపోతున్నది, నడక మారింది, ఓణీ కొంగు పట్టుకొని అటు ఇటు తిరిగింది. అండ్ల దాని సోకు ఉంది, దాని మర్యాద ఉంది. నాకు మురిపెం ఆగలే. ఆ మురిపెం వెనకనే అన్న యాదికొచ్చిండు.

మిర్యాలగూడకు పోయిన. అన్న రైసు మిల్లుల గుమస్తా. మిల్లు ముంగట లారీలు, ఊక దుమ్ము, హమాలీల కేకలు. అన్న భుజం మీది తువ్వాలతో కుర్చీ దులిపి నన్ను కూసోబెట్టి చాయ్ తెప్పిచ్చిండు. సంగతంత చెప్పిన. చాయ్ అయిపోయే దాక ఇని, "మీ వదినకు చెప్పు" అన్నడు.

"నువ్వు చెప్పు అన్నా. నీ పెండ్లామే గద."

"నేను చెప్తే ఇల్లు పీకి పందిరేస్తది."

"మేనమామవు నువ్వా, ఆమెనా?"

అన్న కండ్లు దించుకున్నడు. "ఆమె ఆ జాకెట్టు కోసం కోదాడకు ఎన్ని మార్లు తిరిగిందో నీకు తెల్వదు. పిల్ల అది ఏసుకోకుంటే మీ గడప మళ్ళ తొక్కదు. ఆమె రాకుంటే నేను వచ్చుడు కూడా కష్టమే. నన్ను పరేషాన్ చెయ్యకు చెల్లే."

మొగోళ్ళకు ఇదొక అలవాటు. చెయ్యాల్సిన పని ముంగట పెడితే పరేషాన్ అయితరు. పళ్ళెం పట్టుకొని బ్యాండు ముంగట నడిచేటప్పుడు మాత్రం మేనమామలు. ఆ మాట మొఖం మీదనే అనేసి లేచిన. బస్టాండు దాక నడుచుకుంట ఏడ్చిన. కోపంతో ఏడ్చిన్నో, అన్న దూరమైతడని ఏడ్చిన్నో నాకే తెల్వదు.

ఇంటికి వచ్చేసరికి పిల్ల అరుగు మీద కూసుంది.

"మామ కోపమైతడా?"

"అయితడు."

"ఇగ రాడా?"

"ఏమో బిడ్డా. నీ జాకెట్టు నువ్వు ఏసుకో" అన్న. అనుడైతే అన్న గని, బట్టలు మిర్యాలగూడకు మళ్ళ పంపిన కాడి నుంచి ఫంక్షన్ దాక అన్న ఫోన్ కోసమే చూసిన.

ఫంక్షన్ నాడు అన్న, వదిన పళ్ళేలు పట్టుకొని బ్యాండుతోని వచ్చిన్రు. హాలు పక్కన పిల్లను ముస్తాబు చేసే అర్ర ఉంది. ఆడోళ్ళు నిండిపోయిన్రు. బట్టల పళ్ళెం ముందుగాల లోపలికి వస్తే, పిల్ల అండ్లకెళ్ళి లంగా ఓణీ తీసి కట్టుకున్నది, జాకెట్టు పళ్ళెంలనే ఉంచింది. ఆ వెనక వదిన లోపలికి వచ్చి పిల్లను చూసింది. లంగా వాళ్ళదే, ఓణీ వాళ్ళదే. నడుమ పసుపుకొమ్ము రంగు కాలర్ జాకెట్టు, మెడ దాక గుండీలు. వదిన పళ్ళెంల ఉన్న తన జాకెట్టు చేతులకు తీసుకున్నది. 

నేను కొట్లాటకు తయారుగనే ఉన్న. పిల్ల నాకు మాట్లాడే సందు ఇయ్యలే.

"అత్తా, లంగా ఓణీ నాకు మస్తు నచ్చినయి. జాకెట్టు ఏసుకొని చూసిన. వీపు మీద గాలి తగిలితే నాకు నలుగురి నడుమ నిలబడబుద్ధి కాదు. అందుకే ఏసుకోలే."

వదిన ఒంటికాలి మీద లేస్తది అనుకున్న. ఆమె పోయి కుర్చీల కూలబడ్డది. జాకెట్టు ఒడిల పెట్టుకొని దాని ముత్యాల మీద చెయ్యి రాసుకుంట మాట్లాడింది.

"మా ఇంట్లో నాకు ఫంక్షన్ చెయ్యలేదు. మా అక్క పాత ఓణీ చుట్టి, ఆమె జాకెట్టే తొడిగి, లూజుగా ఉంటే పిన్నీసులు పెట్టి కూర్చోబెట్టారు. ఒక్క ఫొటో లేదు. నాకేమో ఇద్దరూ మగపిల్లలే. నీకన్నా చేద్దామనుకున్నా. అప్పుడు నేను ఏది వేసుకోవాలని ఆశపడ్డానో అదే కుట్టించా."

నా కోపం చల్లారలే, ఇంకింత పెరిగింది. తిడితే నాలుగు మాటలు నేను కూడా అనేదాన్ని. గిట్ల చెప్పుకుంటె ఏం జేస్తం, ఏమని కొట్లాడుతం? ఈ ముచ్చట ఫోన్ చేసిన నాడే చెప్తే ఏం పోయింది? నేను మీ ఇష్టం అనకుండ నా బిడ్డ గిట్లాంటిది అని చెప్తే ఏం పోయింది?

పిల్ల ఆమె దిక్కు, ఆమె ఒడిలున్న జాకెట్టు దిక్కు చూసింది. "ఏడవకు అత్తా. ఏసుకుంట తియ్యి" అన్నది. అని గోడ దిక్కు తిరిగి కాలర్ గుండీ విప్పింది.

"ఏయ్, ఆగు" అన్న నేను.

"ఉండమ్మా" అన్నది. దాని కింది గుండీ పట్టుకున్నది, అది జారింది, మళ్ళ పట్టుకున్నది. నేను ఒక్కదాన్ని అర్రల ఉన్నా బట్టలు మార్చుకోని పిల్ల. అంత మంది ఆడోళ్ళ నడుమ భుజాలు దగ్గరికి గుంజుకొని, తల గోడకు ఆనిచ్చి, ఆ గుండీతోని తిప్పలు పడుతున్నది.  ఒకామె పోయి తలుపు గొళ్ళెం పెట్టింది.

వదిన లేచింది. జాకెట్టు మార్చనీకే లేచిందనుకొని నేను అడ్డం పోయిన. నన్ను పక్కకు జరిపి పిల్లను తన దిక్కు తిప్పుకున్నది. కింది గుండీ పెట్టింది. తర్వాత కాలర్ గుండీ పెట్టింది. కాలర్ రెండు దిక్కులా సమానంగ సర్దింది.

"నీకు ఇష్టం లేనిది నా ముచ్చట కోసం వేసుకుంటావా? వద్దు."

"నువ్వు బాధ పడుతున్నవ్ గద అత్తా."

"పడతా. అది నా సంగతి."

తన జాకెట్టు నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగుల పెట్టుకొని జిప్పు గుంజింది. నాతోని మాట్లాడలే. కండ్లు తుడుచుకొని, పిల్ల చెయ్యి పట్టుకొని తనే స్టేజీ మీదికి తీసుకుపోయింది. స్టేజీ మీద అన్న పిల్ల జాకెట్టు దిక్కు చూసిండు, పెండ్లాం మొఖం దిక్కు చూసిండు, ఎటూ పాలుపోక అక్షింతల పళ్ళెం పట్టుకొని నిలబడ్డడు.

అన్న మాట్లాడి తెచ్చిన ఫొటోగ్రాఫర్ లైటు సర్దుకున్నడు. అన్ని ఫంక్షన్లల్ల అడిగేదే ముందుగాల ఈడ కూడా అడిగిండు. "మేడం, పాపను వెనకకు తిప్పుండ్రి. జడ ముందటికి వేసి ఒక బ్యాక్ పోజు తీద్దాం, జాకెట్టు డిజైన్ మొత్తం వస్తది."

పిల్ల తిరగబోయింది. వదిన దాని భుజం మీద చెయ్యేసి ఆపింది.

"ఈ పిల్లకి వీపు లేదనుకో" అన్నది. "మొహం తియ్యి."